తెల్లసొన నాణ్యత, ప్రొటీన్ పెంపు కోసం లేయర్ కోళ్ల ఎంపిక: ఒక ప్యూర్‌లైన్ కేస్ స్టడీ

ఈ కేస్ స్టడీ గోధుమ రంగు గుడ్లు పెట్టే ఒక ప్యూర్‌లైన్ లేయర్ కోళ్ల (బయటి రక్తం కలపకుండా తమలో తామే జత కట్టిస్తూ గుడ్ల కోసం పెంచే వంశం) మీద సాగిన ఎంపిక కార్యక్రమానికి సంబంధించినది. వాణిజ్య సంకర కోళ్లకు తల్లి వైపు లైన్‌గా వాడుతున్న ఈ కోళ్లు గుడ్ల సంఖ్యలోనూ, దాణా వినియోగంలోనూ బాగానే ఉండేవి. గుడ్లను పగలగొట్టి ద్రవంగా, పొడిగా మార్చే ప్రాసెసింగ్ యూనిట్ల నుంచి మాత్రం రెండు ఫిర్యాదులు పదేపదే వచ్చేవి. బ్యాచ్ వయసు పైబడే కొద్దీ తెల్లసొన నీళ్లలా పలచబడుతోందన్నది ఒకటి. తెల్లసొనలో ఘనపదార్థం తక్కువగా ఉండటం వల్ల ఎండబెట్టాక పొడి దిగుబడి తగ్గుతోందన్నది రెండోది. యాజమాన్యం ఈ రెంటినీ కలిపి బ్రీడింగ్ విభాగానికి ఒక్క మాటలో లక్ష్యం నిర్దేశించింది: గుడ్డులో ప్రొటీన్ పెంచాలి.

ఆ మాటను యథాతథంగా ఎంపిక లక్ష్యంగా తీసుకుంటే కొన్ని తరాల తర్వాత చేతికి వచ్చేది పెద్ద గుడ్డు మాత్రమే. అందుకే, ఏ కోడిని ఉంచుకోవాలి, ఏ కోడిని తీసేయాలి అన్న ప్రశ్న కన్నా ముందు, ప్రొటీన్ అనే మాటకు కొలవదగిన నిర్వచనం ఏమిటన్న ప్రశ్న తేలాలని నేను పట్టుబట్టాను. కార్యక్రమంలో తరువాత తీసుకున్న నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

లక్ష్యాన్ని నిర్వచించడం

గుడ్డు బరువులో సుమారు 10 శాతం పెంకు, 30 శాతం లోపు పచ్చసొన, మిగిలినది తెల్లసొన. తెల్లసొనలో దాదాపు 88 శాతం నీరే. ప్రొటీన్ 10 నుంచి 11 శాతం ఉంటుంది. పచ్చసొనలో ప్రొటీన్ సుమారు 16 శాతం, అయితే దానికి రెట్టింపు కొవ్వు కూడా ఉంటుంది. ఈ అంకెలతో ఒక లెక్క వేసి చూద్దాం. 60 గ్రాముల గుడ్డులో 6 గ్రాముల పెంకు, 16 గ్రాముల పచ్చసొన, 38 గ్రాముల తెల్లసొన ఉన్నాయనుకుంటే, పచ్చసొన నుంచి 2.56 గ్రాములు, తెల్లసొన నుంచి (10.5 శాతం చొప్పున) 3.99 గ్రాములు, మొత్తం 6.55 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఇది తినదగిన భాగంలో 12.1 శాతం. అదే దామాషాలో గుడ్డు 70 గ్రాములకు పెరిగితే ప్రొటీన్ 7.6 గ్రాములు దాటుతుంది, శాతం మాత్రం అక్కడే ఉంటుంది. కాబట్టి "గుడ్డుకు ఎన్ని గ్రాముల ప్రొటీన్" అన్న కొలతతో ఎంపిక చేసేవారు నిజానికి గుడ్డు బరువునే ఎంపిక చేస్తున్నారు. గుడ్డు బరువు పెరిగితే గుడ్ల సంఖ్య తగ్గే ధోరణి ఉంటుంది, పెంకు పలచబడి పగుళ్లు పెరుగుతాయి, ఆ పెద్ద గుడ్డు కోసం కోడి తినే దాణా కూడా పెరుగుతుంది.

బరువు పెంచకుండా శాతాన్ని పెంచడానికి రెండు దారులే ఉన్నాయి. పచ్చసొన వాటాను పెంచడం ఒకటి. అప్పుడు ప్రొటీన్‌తో పాటు అంతకన్నా ఎక్కువగా కొవ్వు పెరుగుతుంది. తెల్లసొనలో నీటి వాటా తగ్గి ఘనపదార్థం పెరిగేలా చూడటం రెండోది. పై లెక్కలో తెల్లసొన ప్రొటీన్ 10.5 నుంచి 11 శాతానికి చేరితే గుడ్డుకు 0.19 గ్రాములు అదనంగా వస్తాయి. చూడటానికి ఇది చిన్న అంకె. లక్షల గుడ్లు పగలగొట్టి నీటిని ఆవిరి చేసే యూనిట్‌కు మాత్రం చిన్నది కాదు. చివరికి లక్ష్యాన్ని ఇలా రాసుకున్నాం: గుడ్డు బరువును ఉన్నచోటే నిలిపి, తెల్లసొన ఘనపదార్థ శాతాన్ని, ముదురు వయసులో తెల్లసొన ఎత్తును పెంచాలి; పెంకు బలం తగ్గకూడదు; గుడ్ల సంఖ్య పెరుగుదల నెమ్మదించినా ఆగిపోకూడదు.

తెల్లసొన ఎత్తు, ప్రొటీన్ శాతం ఒకటేనన్న భావన ఈ రంగంలో చాలా మందికి ఉంది. గట్టి తెల్లసొన పళ్లెంలో గుమ్మటంలా నిలబడటానికి ప్రధాన కారణం ఒవోమ్యూసిన్ అనే ప్రొటీన్ అల్లే జెల్ నిర్మాణం. అయితే తెల్లసొన మొత్తం ప్రొటీన్లలో ఒవోమ్యూసిన్ వాటా 3.5 శాతం దగ్గరే ఉంటుంది. సగానికి పైగా, అంటే దాదాపు 54 శాతం, ఒవాల్బుమిన్. అంటే తెల్లసొన ఎత్తుగా నిలబడటం నిర్మాణానికి సంబంధించిన లక్షణం, ఘనపదార్థ శాతం పరిమాణానికి సంబంధించిన లక్షణం. రెండూ ఒకే దిశలో కదలవచ్చు గానీ ఒకదాన్ని కొలిచి రెండోదాన్ని సాధించామనుకోవడం సరికాదు. అందుకే రెండింటినీ వేర్వేరు లక్షణాలుగానే నమోదు చేశాం.

కొలతలు

అంతర్గత నాణ్యతకు 1937లో రేమండ్ హా ప్రతిపాదించిన హా యూనిట్ ఇప్పటికీ ప్రామాణికం. మిల్లీమీటర్లలో తెల్లసొన ఎత్తును, గ్రాములలో గుడ్డు బరువును కలిపి ఆ సంఖ్యను తీస్తారు. ఎత్తు 6 మిల్లీమీటర్లే అయినా 50 గ్రాముల గుడ్డుకు హా యూనిట్ 80 దగ్గర, 70 గ్రాముల గుడ్డుకు 73 దగ్గర వస్తుంది. గ్రేడింగ్‌కు ఈ సర్దుబాటు ఉపయోగపడుతుంది, జన్యు ఎంపికకు మాత్రం చిక్కు తెచ్చిపెడుతుంది. బరువుకు, ఎత్తుకు మధ్య ఉన్న సంబంధం అన్ని లైన్లలో, అన్ని వయసులలో ఒకేలా ఉండదు. సూత్రం మాత్రం ఒకేలా సవరిస్తుంది. అందువల్ల హా యూనిట్‌ను నివేదికలకే పరిమితం చేసి, విశ్లేషణలో తెల్లసొన ఎత్తును, గుడ్డు బరువును రెండు వేర్వేరు లక్షణాలుగా ఒకే గణిత నమూనాలో పెట్టాం.

గుడ్డు పెట్టినప్పుడు తెల్లసొన పీహెచ్ సుమారు 7.6 ఉంటుంది. పెంకు రంధ్రాల గుండా కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే కొద్దీ అది 9 దాటుతుంది, గట్టి తెల్లసొన వదులవుతుంది. వెచ్చటి గదిలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. ఉదయం ఏరిన గుడ్డును, మధ్యాహ్నం ఏరిన గుడ్డును ఒకే బల్ల మీద పక్కపక్కన కొలిస్తే కనిపించే తేడాలో కోడి జన్యువుల పాలు ఎంతో, గది వేడి పాలు ఎంతో విడదీయలేం. అందుకని కొలతకు ఎంచుకున్న గుడ్లను ఏరిన వెంటనే చల్లటి గదికి చేర్చి, మర్నాడు ఒకే వ్యవధిలో పగలగొట్టే ఏర్పాటు చేశాం. ఏ గుడ్డు ఏ పెట్టదో తెలిసేలా ఒక్కో కోడిని ఒక్కో కేజ్‌లో ఉంచి, గుడ్డు మొద్దు కొన మీద పెన్సిల్‌తో కేజ్ నంబరు రాయించాం.

బల్ల దగ్గర జరిగే పని ఇది. గుడ్డును తూకం వేసి, ముందు పెంకును పరీక్షిస్తారు. చిన్న సుత్తి లాంటి మొనతో పెంకును సుతారంగా తట్టి, ఆ ధ్వని పౌనఃపున్యం నుంచి పెంకు బిగువును లెక్కగట్టే పరికరం ఉంటుంది. గుడ్డు పగలదు కాబట్టి అదే గుడ్డును లోపలి కొలతలకూ వాడుకోవచ్చు. కంటికి కనిపించని వెంట్రుకవాసి పగులున్నా ధ్వని మారిపోతుంది, అలాంటి గుడ్డు అక్కడే బయటపడుతుంది. తర్వాత గుడ్డును మట్టంగా అమర్చిన గాజు పలక మీద పగలగొట్టి, పచ్చసొన అంచుకు, గట్టి తెల్లసొన వెలుపలి అంచుకు నడిమధ్యన మూడు కాళ్ల మైక్రోమీటర్‌తో ఎత్తు చూస్తారు. పచ్చసొనను పట్టి ఉంచే మెలి తాడు, అంటే చలాజా, ఉన్న వైపు కొలవకూడదు. అక్కడ అంకె ఎప్పుడూ ఎక్కువ చూపిస్తుంది. ఆపై పచ్చసొనను వేరు చేసి, తడి కాగితం మీద దొర్లించి అంటుకున్న తెల్లసొనను తుడిచి, తూకం వేస్తారు. మిగిలిన తెల్లసొనను, గట్టి భాగం, పలచటి భాగం కలిసేలా కత్తెరతో కత్తిరించి, నురగ రాకుండా కలిపి, వడగట్టి, ఒక చుక్కను రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి ఘనపదార్థాన్ని చూపే పరికరం) పట్టకం మీద వేసి ఘనపదార్థ శాతం చదువుతారు. నురగ చేరిన చుక్క తప్పు అంకె ఇస్తుంది కాబట్టి బుడగలు తేరుకునేదాకా ఆగాలి. తొందరలో ఉన్న సిబ్బంది వదిలేసేది ఎక్కువగా ఈ ఒక్క అంచెనే. ప్రతి విడతలో కొన్ని నమూనాలను కెల్డాల్ పద్ధతిలో నత్రజని పరీక్షకు పంపి, వచ్చిన నత్రజనిని 6.25తో గుణించి, రిఫ్రాక్టోమీటర్ అంకెలు నిజమైన ప్రొటీన్‌తో కలిసి నడుస్తున్నాయో లేదో సరిచూశాం.

ఒక్క గుడ్డుతో ఏ పెట్టనూ అంచనా వేయకూడదు. ప్రతి పెట్ట నుంచి వరుస గుడ్లు కొన్ని తీసుకుని, గుడ్ల ఉత్పత్తి శిఖర దశలో ఒకసారి, మధ్య వయసులో ఒకసారి, 60 వారాలు దాటాక ఒకసారి కొలిచాం. లేత వయసులో దాదాపు అన్ని కోళ్ల తెల్లసొనా బాగానే ఉంటుంది, కుటుంబాల మధ్య తేడా తక్కువగా కనిపిస్తుంది. ఫిర్యాదు వచ్చింది ముదురు వయసు గుడ్ల గురించి కాబట్టి మూడో విడత కొలతను ఖర్చు పేరుతో వదులుకోవడానికి నేను ఒప్పుకోలేదు.

జన్యు విశ్లేషణ, ఇండెక్స్

గుడ్డు బరువు హెరిటబిలిటీ (కోళ్ల మధ్య కనిపించే తేడాలో జన్యువుల వల్ల వచ్చే వాటా) సాధారణంగా 0.4 నుంచి 0.6 వరకు ఉంటుంది. తెల్లసొన ఎత్తుకు అది 0.3 నుంచి 0.5, పెంకు బలానికి 0.2 నుంచి 0.4, గుడ్ల సంఖ్యకు 0.1 నుంచి 0.3 ప్రాంతంలో ఉంటుంది. అంటే నాణ్యత లక్షణాలు ఎంపికకు బాగానే స్పందిస్తాయి. ఇందులో ఒక అపాయం ఉంది: తేలికగా కదిలే లక్షణాల మీద ఒత్తిడి పెడితే, నెమ్మదిగా కదిలే గుడ్ల సంఖ్య చడీచప్పుడు లేకుండా వెనకబడుతుంది. గుడ్డు బరువుకు, గుడ్ల సంఖ్యకు మధ్య జన్యు సహసంబంధం వ్యతిరేకంగా ఉండటం దీనికి తోడవుతుంది.

పుంజు గుడ్డు పెట్టదు. దాని విలువను తల్లి, అక్కచెల్లెళ్లు, కూతుళ్ల గుడ్ల నుంచే అంచనా వేయాలి. ఇందుకు చార్లెస్ హెండర్సన్ రూపొందించిన బ్లప్ పద్ధతిని వాడాం. పొదిగిన షెడ్డు, కేజ్ వరుస, కొలిచిన తేదీ ప్రభావాలను సవరిస్తూనే, వంశావళిలోని బంధువులందరి సమాచారాన్ని కలిపి ఒక్కో పక్షికి జన్యు విలువను ఇది ఇస్తుంది. ముదురు వయసు కొలత వచ్చేదాకా ఆగితే తరం వ్యవధి బాగా పెరిగిపోతుంది. అందువల్ల మొదటి రెండు విడతల సొంత కొలతల మీదా, అంతకు ముందు తరంలోని బంధువుల మూడో విడత కొలతల మీదా ఆధారపడి పెంపకపు పక్షులను ఎంచుకున్నాం. పిల్లలు పుట్టిన రోజే రెక్క పట్టీ వేయడం, ఒక్కో పెట్ట గుడ్లను హ్యాచర్‌లో (పిల్లలు బయటికి వచ్చే యంత్రంలో) విడి బుట్టల్లో ఉంచడం, కృత్రిమ గర్భధారణలో రెండు పుంజుల వీర్యాన్ని ఎన్నడూ కలపకపోవడం ఇందుకు తప్పనిసరి. వంశావళిలో పొరపాటు దొర్లితే తర్వాత ఎంత పెద్ద గణితమూ దాన్ని దిద్దలేదు.

లక్షణాలన్నిటినీ ఒకే అంకెగా కలిపే ఇండెక్స్‌లో ఘనపదార్థ శాతానికి, తెల్లసొన ఎత్తుకు, పెంకు బిగువుకు, గుడ్ల సంఖ్యకు ధన భారాలు ఇచ్చి, గుడ్డు బరువులో మార్పు సున్నా దగ్గర నిలిచేలా నిబంధన పెట్టాం. పచ్చసొన వాటాను కూడా గమనింపులో ఉంచాం. తెల్లసొన మీద ఒత్తిడి పెరిగితే పచ్చసొన వాటా కుంగే వీలుంది; కొవ్వులో కరిగే విటమిన్లు, కోలిన్ అన్నీ పచ్చసొనలోనే ఉంటాయి కాబట్టి, గుడ్డును గుడ్డుగా తినేవారికి ఆ నష్టం చేయకూడదు.

అత్యుత్తమ కుటుంబం నుంచే ఎక్కువ పుంజులను ఉంచుకోవాలన్న ఒత్తిడి ప్రతి ఎంపిక సమావేశంలోనూ వచ్చింది. దానికి నేను చూపించిన లెక్క ఇది. 30 పుంజులు, 240 పెట్టలతో నడిచే లైన్‌లో అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్య సంతానోత్పత్తి) తరానికి సుమారు 0.47 శాతం చొప్పున పెరుగుతుంది. అవే 240 పెట్టలకు 8 పుంజులనే వాడితే అది 1.6 శాతానికి చేరుతుంది. అది కూడా జతలు యాదృచ్ఛికంగా కుదిరినప్పటి మాట. ఎంచుకున్న పుంజులన్నీ ఒకే తండ్రి బిడ్డలైతే పరిస్థితి ఇంకా ముదురుతుంది. పొదుగుదల, బతుకుదల ముందుగా దెబ్బతినేది దీని వల్లే. కాబట్టి ఒక్కో తండ్రి నుంచి తీసుకునే కొడుకుల సంఖ్యకు పరిమితి పెట్టి, సొంత అన్నాచెల్లెళ్ల జతలను పూర్తిగా నిషేధించాం.

తరాలలో కనిపించిన మార్పు

తెల్లసొన ఎత్తు మొదటి తరం నుంచే స్పందించింది, అదీ ముదురు వయసు కొలతలో స్పష్టంగా కనిపించింది. ఘనపదార్థ శాతం అంత త్వరగా కదల్లేదు. ఒక తరంలో వచ్చిన మార్పు ఋతువుల మధ్య వచ్చే తేడాలో కలిసిపోయేంత చిన్నది. ఎంపిక చేయని ఒక కంట్రోల్ గుంపును అదే షెడ్డులో, అదే దాణాతో పెంచి ఉండకపోతే ఆ కదలికను గుర్తించడమే సాధ్యమయ్యేది కాదు. కంట్రోల్ గుంపుకు కేజ్‌లు కేటాయించడం దండగ అనే వాదన ఏ ఫారంలోనైనా వినిపిస్తుంది. ఇంత చిన్న మార్పులను నమ్మదగినవిగా నిలబెట్టేది ఆ కేజ్‌లే. గుడ్డు బరువు నిబంధన మేరకు నిలిచింది. పెంకు బిగువు తగ్గలేదు. పచ్చసొన వాటా అనుకున్నట్టే కాస్త కుంగింది. ఆ తర్వాత దానికీ ఇండెక్స్‌లో స్వల్ప భారం చేర్చాం. గుడ్ల సంఖ్య పెరిగింది గానీ, కేవలం సంఖ్య కోసమే ఎంపిక చేసిన పాత తరాల వేగం లేదు. ఈ మూల్యం ఉంటుందని ముందే యాజమాన్యానికి రాతపూర్వకంగా చెప్పడం వల్ల మధ్యలో లక్ష్యం మారలేదు.

మధ్యలో ఒక షెడ్డులో తెల్లసొన హఠాత్తుగా నీళ్లలా మారింది, కొన్ని గుడ్ల పెంకు ముడతలు పడింది. ఒకే తండ్రి సంతానంలోనో, ఒకే కుటుంబంలోనో కాకుండా షెడ్డు అంతటా వరుసగా ఇలా జరగడంతో జన్యు కారణం కాదని తెలిసిపోయింది. రక్త పరీక్షలో ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ అనే వైరస్ వ్యాధి బయటపడింది. ఈ వైరస్ అండవాహికలో తెల్లసొన స్రవించే మాగ్నమ్ భాగాన్ని దెబ్బతీస్తుంది, కోడి కోలుకున్నట్టు కనిపించినా తెల్లసొన మునుపటిలా కాకపోవచ్చు. ఆ షెడ్డు నుంచి ఆ విడతలో వచ్చిన అంకెలన్నీ విశ్లేషణ నుంచి తీసేశాం. వాటిని ఉంచి ఉంటే వ్యాధి సోకిన వరుసలోని మంచి కుటుంబాలు అన్యాయంగా తొలగిపోయేవి.

గోధుమ రంగు గుడ్ల లైన్లలో చూసుకోవలసిన మరో అంశం వాసన. కాలేయంలో ట్రైమిథైలమిన్ అనే చేపవాసన పదార్థాన్ని ఆక్సీకరించి వాసన లేని రూపానికి మార్చే ఎఫ్‌ఎంఓ3 జన్యువులో మార్పు ఉన్న కోళ్లకు రేప్‌సీడ్ పిండి లేదా చేపపొడి ఉన్న దాణా పెడితే గుడ్డులో చేపవాసన వస్తుంది. ఈ జన్యు మార్పు 2005లో వెల్లడైంది. ఒక్క ప్రతి మోసే పుంజులో ఏ లక్షణమూ బయటికి కనిపించదు, సంతానానికి మాత్రం సంక్రమిస్తుంది. పెంపకానికి ఎంచుకున్న ప్రతి పుంజుకూ డీఎన్‌ఏ పరీక్ష చేయించి, వాహకాలను ఇండెక్స్ విలువ ఎంత బాగున్నా పక్కన పెట్టాం.

దాణా, సంకర కూతుళ్లు

జన్యువులు ఇచ్చిన సామర్థ్యం దాణాలో ముడిసరుకు లేకపోతే గుడ్డులోకి రాదు. మెథియోనిన్, లైసిన్ చాలకపోతే కోడి ప్రొటీన్ శాతాన్ని పెద్దగా తగ్గించదు, గుడ్డు బరువునూ, సంఖ్యనూ తగ్గించుకుంటుంది. దాణాలో ప్రొటీన్ పెంచితే గుడ్డులో ప్రొటీన్ శాతం పెరుగుతుందన్న ఆశ అందువల్లే ఫలించదు. పచ్చసొనలోని కొవ్వు ఆమ్లాలను దాణాతో తేలిగ్గా మార్చవచ్చు గానీ, తెల్లసొన ప్రొటీన్ల అమరికను నిర్ణయించేది జన్యువులే. పెంకు సంగతి వేరు. ఒక్కో గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. పెంకు తయారీకి దాదాపు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం కోడి మేయని రాత్రివేళ గడుస్తుంది. కాబట్టి దాణాలో 3.5 నుంచి 4.5 శాతం కాల్షియం ఉండాలి, అందులో కొంత భాగం గరుకు సున్నపురాయి నూకగా ఉండాలి. అది జీర్ణాశయంలో నిలిచి రాత్రంతా నెమ్మదిగా కరుగుతుంది. ఎండ తీవ్రతకు కోడి రొప్పినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి పెంకు పలచబడుతుంది. ఆ రోజుల కొలతలను విడి తేదీ ప్రభావంగానే గణిత నమూనాలో ఉంచాలి.

ప్యూర్‌లైన్ కోడి మంచి వసతిలో, ఒంటరి కేజ్‌లో చూపిన ఫలితం, దాని సంకర కూతుళ్లు గుంపు కేజ్‌లలో చూపే ఫలితంతో పూర్తిగా సరిపోదు. అందుకే ప్రతి తరంలో కొన్ని పుంజుల సంకర కూతుళ్లను వాణిజ్య షెడ్లలో పెంచి, అక్కడి గుడ్లనూ ఇదే పద్ధతిలో కొలిచి, ఆ సమాచారాన్ని విశ్లేషణలో చేర్చాం. పుంజుల వరుస క్రమం కొన్నిచోట్ల తారుమారైంది, ముఖ్యంగా పెంకు విషయంలో. నా దృష్టిలో ఈ భాగం లేని ఎంపిక కార్యక్రమం అసంపూర్ణం.

ప్రస్తుత స్థితి

ఇప్పుడు శ్రద్ధ పెట్టవలసి వచ్చినది పొదుగుదల. తెల్లసొన చాలా గట్టిగా ఉన్న తాజా గుడ్డును వెంటనే సెట్టర్‌లో (పొదిగే యంత్రంలో) పెడితే, తొలి దశలో పిండానికి వాయు మార్పిడి కష్టమవుతుంది. కొద్ది రోజులు చల్లగా నిల్వ ఉంచితే తెల్లసొన తగినంత వదులై పొదుగుదల మెరుగవుతుంది. ఎంపికలో ముందున్న కుటుంబాలలోనే తొలి రోజుల పిండ మరణాలు ఎక్కువగా కనిపించడంతో, పెంపకపు గుడ్లను ఏరిన రోజే పెట్టే పద్ధతిని మానేశాం. వచ్చే తరం ఇండెక్స్‌లో ఫలదీకరణ చెందిన గుడ్ల పొదుగుదల శాతాన్ని ప్రత్యేక లక్షణంగా చేరుస్తున్నాం. తెల్లసొన ఎత్తుకు లేత వయసులో ఇస్తున్న భారాన్ని తీసివేసి, మొత్తం భారాన్ని 60 వారాల తర్వాతి కొలతకే ఇవ్వాలని నిర్ణయించాం.